ఆ పన్నెండేళ్ల వాన ఏమైంది?

కంప్యూటర్‌కీ హార్డ్ డిస్కుకీ మధ్య మాట పడిపోతే మనం చేసే మొదటి పనే అందులో ఉన్నదాన్ని బతికిస్తుంది. లేదా చంపేస్తుంది. మా ఇంట్లో రెండోదే జరిగింది. మీ ఇంట్లో జరగకూడదనే ఈ కథ!

2012 మే నెల. కళ్యాణదుర్గం వైపు మా ఊరు. మిట్టమధ్యాహ్నం. కరెంటు పోయి, వచ్చి, మళ్లీ పోయి... మూడోసారి వచ్చింది. అన్న కంప్యూటర్ ఆన్ చేశాడు. రోజూ నిమిషంలో తెరుచుకునేది ఐదు నిమిషాలైనా తెమలదు. చివరికి ‘ఈ’ డ్రైవ్ మీద నొక్కితే ఓ చిన్న పెట్టె ప్రత్యక్షమైంది. ‘ఐ-ఓ డివైస్ ఎర్రర్’ అట!

‘‘ఏమంటాందిరా అది?’’ పడక్కుర్చీలోంచి నాయన అడిగాడు.

‘‘ఏం లేదు నాయనా, చిన్న ఎర్రరు. నేను చూస్తాలే’’ అన్నాను. డిగ్రీ చదువుతూ మూడు నెలల కంప్యూటర్ కోర్సు చేసిన ధీమా అది. ఆ ధీమా ఖరీదు పన్నెండేళ్ల వాన!

సారు పుస్తకం

మా నాయన బడిపంతులు. 1981లో ఉద్యోగంలో చేరిన ఏడాదే మిద్దె మీద వాన కొలిచే డబ్బా ఒకటి పెట్టుకున్నాడు. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు మిద్దెక్కడం, నీళ్లుంటే కొలవడం, నోటు పుస్తకంలో రాయడం. చాలా రోజులు రాసేది ‘సున్నా’నే! ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మరి. నైరుతి మబ్బుల్ని పడమటి కనుమలు ఆపేస్తాయి. ఈశాన్య మబ్బులు మన దాకా వచ్చేసరికి అలసిపోతాయి.

ఆ పుస్తకాల్లో అంకెల పక్కన చిన్న చిన్న మాటలుండేవి. ‘పదునైంది. చెనక్కాయ విత్తనం వేసినారు’, ‘ఊడలు దిగే టయానికి ఎండ’, ‘చెరువుకు చుక్క చేరలేదు’. ఊళ్లో ఏ ఏడు ఎంత వాన పడిందని వాదన వస్తే, ‘‘సారు పుస్తకం చూడండప్పా’’ అనేవాళ్లు. ఆ మాటతో వాదన ఆగిపోయేది.

2011లో చూస్తే పాత పుస్తకాల పెట్టెకు చెదలు. దసరా సెలవుల్లో కూర్చుని అన్నా, నేనూ టైపు చేయడం మొదలుపెట్టాం. కొత్త పుస్తకాల నుంచి వెనక్కి వెనక్కి వెళ్లాం. 1993 దాకా వచ్చినప్పుడు, గ్రాఫులు వేసిపెట్టమని అన్న ఆ ఫైలును బెంగళూరులోని స్నేహితుడికి మెయిల్ చేశాడు. సంక్రాంతికల్లా 1981 వరకూ పూర్తి! చెదలు పట్టిన పుస్తకాలు ఉంటే బీరువాకూ పాకుతాయని అమ్మ అంది. అన్నీ తీసుకెళ్లి భోగి మంటలో వేసేశాం. ‘కంప్యూటర్‌లో ఉన్నాయిగా!’ అనుకున్నాం.

అక్కడే మొదటి తప్పు. నకలు తీశాం అనుకున్నాం కానీ, అసలును కాల్చేశాక ఆ నకలే అసలైపోయింది. దానికి నకలు లేదు!

మందు వికటించింది

ఎర్రర్ వచ్చిన రోజు నేను చేసిన ఘనకార్యాలు చెబుతాను. ముందు కంప్యూటర్‌ను పది పన్నెండు సార్లు ఆపి, ఆన్ చేశాను. తర్వాత కోర్సులో నేర్పిన ‘చెక్ డిస్క్’ కొట్టాను. నాలుగ్గంటలు నడిచింది. అది ముగిశాక చూస్తే ఫోల్డర్ల పేర్లు మాయం. వాటి స్థానంలో అంకెల పేర్లతో వరసగా ముక్కలు! భయమేసి టౌన్లో ఒక షాపుకు పట్టుకెళ్లాం. అతను మంచివాడే. సాయంత్రానికి ‘‘కొత్తదాని మాదిరి చేసినా సార్’’ అని నవ్వుతూ ఇచ్చాడు. నిజంగానే కొత్తదానిలా ఉంది. డిస్కు మొత్తం ఫార్మాట్ చేసి, విండోస్ మళ్లీ ఎక్కించాడు. లోపల ఏముందని అతను అడగలేదు, ఏముందో మేమూ చెప్పలేదు.

అసలు సంగతి నాలుగు నెలల తర్వాత తెలిసింది. అదే ఎర్రర్ మళ్లీ వచ్చింది. ఈసారి చూసిన మెకానిక్ డబ్బా విప్పి, డిస్కును మదర్‌బోర్డుకు కలిపే సన్నటి కేబుల్‌ను వేలితో కదిలించాడు. వదులు! డ్రాయర్లోంచి కొత్త కేబుల్ తీసి తగిలించాడు. అంతే! ఆ డిస్కు ఇంకో నాలుగేళ్లు పనిచేసింది. జబ్బు తీగది. మేం శస్త్రచికిత్స గుండెకు చేయించాం!

బెంగళూరు స్నేహితుడి మెయిల్లో 1993 నుంచి 2011 వరకూ 19 ఏళ్ల లెక్కలు దొరికాయి. 1981 నుంచి 1992 దాకా... పోయాయి. ఎవరికీ పంపలేదు కాబట్టి!

తీగా? మనిషా?

ఇంతకీ ఈ ఎర్రర్ ఏం చెబుతుంది? కువైట్‌లో ఉన్న మామకు ఫోన్ చేశామనుకోండి. జవాబు లేదు. లైను బాగాలేదా? మామకే బాగాలేదా? రెంటిలో ఏదైనా కావచ్చు. హార్డ్ డిస్కు ఎర్రర్ కూడా అంతే. ‘నేను పిలిచాను, అటునుంచి జవాబు రాలేదు’ అని మాత్రమే కంప్యూటర్ చెబుతోంది. డిస్కు చచ్చిపోయిందని చెప్పడం లేదు!

హార్డ్ డిస్కు లోపల అద్దంలా మెరిసే పళ్లేలు నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరుగుతుంటాయి. పెద్ద డిస్కులో పళ్లెం అంచు వేగం గంటకు 120 కిలోమీటర్లు దాటుతుంది. దాని మీద చదివే ముల్లు ఆనకుండా తేలుతూ ఉంటుంది. రెంటి మధ్య ఖాళీ వెంట్రుక మందంలో పదివేలో వంతు కన్నా తక్కువ. 1956లో ఐబీఎం తెచ్చిన మొదటి హార్డ్ డిస్కు యంత్రం ఒక బీరువా అంత ఉండేది. అందులో 50 పళ్లేలు. పట్టేది 5 మెగాబైట్లే. ఇవాళ ఫోన్లో తీసే ఫోటో ఒకటో రెండో దానికి సరిపోతాయి. పరిమాణం తగ్గింది కానీ నాజూకుతనం పెరిగింది.

ఆ ముల్లు చదివినదాన్ని కేబుల్ మోసుకెళ్తుంది. మండీకి చెనక్కాయ మూటలు పంపేటప్పుడు ‘ఇన్ని మూటలు’ అని చీటీ పెడతాం కదా! అలాగే ప్రతి సమాచారపు మూటతోనూ ఒక లెక్క చీటీ వెళ్తుంది. అక్కడ లెక్క తప్పితే ‘మళ్లీ పంపు’ అంటుంది కంప్యూటర్. కేబుల్ వదులైతే చీటీలన్నీ తప్పుతాయి. పంపిందే పంపాలి. అందుకే ముందు కంప్యూటర్ నత్తలా మారుతుంది. తర్వాతే ఎర్రర్ వస్తుంది. ఆ నత్త నడకే మొదటి హెచ్చరిక!

ముందు... ఇవి చేయకండి

* ఆపి ఆన్ చేయడం, ఆపి ఆన్ చేయడం వద్దు. లోపం ముల్లుదైతే ప్రతి ఆన్‌కీ పళ్లెం మీద గీత పడొచ్చు.

* ‘ఈ డిస్కును ఫార్మాట్ చేయమంటారా?’, ‘ఇనీషియలైజ్ చేయమంటారా?’ అని అడిగితే వద్దనే నొక్కండి. అది అడిగేది మీ మేలు కోరి కాదు. దానికి అర్థం కాక!

* ‘చెక్ డిస్క్’ వైద్యం కాదు, శస్త్రచికిత్స. అది డిస్కు మీద రాస్తుంది. నకలు తీయకముందు దాని జోలికి పోవద్దు.

* డిస్కును తట్టడం, ఊపడం, ఫ్రిజ్‌లో పెట్టడం... ఎవరు చెప్పినా వినకండి. ఫ్రిజ్‌లోంచి తీయగానే దానికి చెమ్మ పడుతుంది.

* మూత అస్సలు విప్పొద్దు. మన ఎర్రదుమ్ములో ఒక్క రేణువు చాలు, ఆ ముల్లుకు కొండంత అడ్డం.

* పోయిన ఫైళ్లను వెతికే ప్రోగ్రామును అదే డిస్కులో ఎక్కించొద్దు. దొరికిన ఫైళ్లను అందులోనే దాచొద్దు. పోయినదాని మీదే కొత్తది రాసినట్టవుతుంది.

చెవి పెట్టి వినండి

డిస్కు తన బాధను చప్పుడుతో చెబుతుంది. మెత్తగా ‘గుయ్‌’మంటూ తిరుగుతుంటే లోపం కేబుల్‌లోనో, కరెంటులోనో ఉండే అవకాశం ఎక్కువ. ఆగి ఆగి ‘టక్... టక్... టక్’ అంటుంటే ముల్లుకు దెబ్బ తగిలి ఉండొచ్చు. వెంటనే ఆపేయండి. ఇక అది మన పని కాదు. అసలు చప్పుడే లేకపోతే? కరెంటు అందడం లేదేమో ముందు చూడాలి.

టక్ టక్ లేకపోతే డెస్క్‌టాప్ కంప్యూటర్‌కు ఈ వరసలో వెళ్లండి. చేయి తిరగనివాళ్లు తెలిసినవాళ్లను పక్కన పెట్టుకోండి. ల్యాప్‌టాప్ అయితే విప్పే పని మెకానిక్‌కే వదిలేయండి.

1. కంప్యూటర్ ఆపి, ప్లగ్గు పీకేయండి. పక్క మూత తీసి, తీగలు ఎలా ఉన్నాయో ఫోన్‌తో ఒక ఫోటో తీసుకోండి. తిరిగి పెట్టేటప్పుడు అదే గురువు. లోపల చేయి పెట్టే ముందు డబ్బా ఇనుప భాగాన్ని ఒకసారి తాకండి.

2. డిస్కుకు రెండు తీగలుంటాయి. సన్నటిది సమాచారానికి, వెడల్పుది కరెంటుకు. సన్నటిదాన్ని రెండు వైపులా తీసి, నిక్కచ్చిగా మళ్లీ బిగించండి. వీలుంటే కొత్తది వేయండి. మదర్‌బోర్డు మీద పక్కనున్న సాకెట్‌కు మార్చి చూడండి.

3. కరెంటు తీగను కూడా మార్చండి. ఒకే తీగను రెండుగా చీల్చే జాయింట్లు ఉంటే తీసేయండి.

4. పాత కంప్యూటర్‌లో తేదీ ప్రతిసారీ వెనక్కి పోతోందా? మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ల లాంటి బ్యాటరీ అయిపోయింది. దాంతో డిస్కు సెట్టింగులు కూడా మరచిపోయి, ఉన్న డిస్కునే లేదంటుంది. బ్యాటరీ మార్చి, సెట్టింగులు సరిచూస్తే చాలు.

5. బయట పెట్టుకునే పోర్టబుల్ డిస్కు అయితే ముందు కేబుల్ మార్చండి. డబ్బా ముందువైపు కాకుండా వెనకవైపు సాకెట్‌లో పెట్టండి. మధ్యలో హబ్ వద్దు. పాత యూఎస్‌బీ 2.0 సాకెట్ ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లే. డిస్కు తిరగడం మొదలెట్టే క్షణంలో అది చాలకపోవచ్చు. యూఎస్‌బీ 3.0 అయితే 900 ఇస్తుంది. విడిగా అడాప్టర్ ఉండే పెద్ద డిస్కు అయితే దాని అడాప్టరే వాడండి. పిన్ను పట్టింది కదా అని వేరేది పెడితే డిస్కు బోర్డు కాలిపోవచ్చు.

6. చివరగా ఇంకో కంప్యూటర్‌కు పెట్టి చూడండి. అక్కడ బాగా పలికితే డిస్కు మంచిదే!

నాలుగు అంకెలు గుర్తుంచుకోండి

డిస్కు తన ఆరోగ్యం గురించి తనే ఒక చిట్టా రాసుకుంటుంది. దాన్ని ‘స్మార్ట్’ అంటారు. ‘క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో’ లాంటి ఉచిత ప్రోగ్రాముతో ఆ చిట్టా చూడొచ్చు. పట్టికలో చాలా వరసలుంటాయి. మనకు నాలుగు చాలు.

199వ వరస: తప్పిన లెక్క చీటీల సంఖ్య. ఇది పెరుగుతుంటే తప్పు దాదాపు కేబుల్‌దే. కేబుల్ మార్చినా పాత అంకె చెరిగిపోదు. కంగారు పడొద్దు. ఇక మీదట పెరగకపోతే చాలు.

5, 197, 198 వరసలు: పళ్లెం మీద చెడిపోయిన చోట్లు, చెడినట్టు అనుమానం ఉన్న చోట్లు, చదవలేకపోయిన చోట్లు. ఇవి పెరుగుతుంటే డిస్కు ముసలిదైంది. కేబుల్ ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు. పాతిక చోట్లే కదా అని ఊరుకోవద్దు. చెదలు కూడా ఒక మూల నుంచే మొదలవుతాయి!

విండోస్‌లోని ‘ఈవెంట్ వ్యూయర్’లోనూ ఆనవాళ్లుంటాయి. ‘సిస్టమ్’ విభాగంలో ‘డిస్క్’ పేరుతో ఉన్న వరసలు చూడండి. 7 అని ఉంటే చెడిన చోటు తగిలినట్టు. 11 అంటే మధ్యలోని కంట్రోలర్‌తో పేచీ. 153 అంటే అడిగిందే మళ్లీ అడగాల్సి వచ్చినట్టు. మా ఇంట్లో ఆ రోజు ఈ పట్టికను పది నిమిషాలు చూసి ఉంటే... సరే, పోనివ్వండి.

డిస్కు మళ్లీ కనిపిస్తే...

కేబుల్ మార్చగానే డిస్కు కనిపించింది. హమ్మయ్య అని సినిమా పెట్టుకోకండి. ఇదే అదను. ముందు నకలు!

ఏది ముందు? మళ్లీ దొరకనిది ముందు. అవ్వ గొంతు, పాప మొదటి అడుగులు, పొలం కాగితాల స్కానులు, మీరు టైపు చేసుకున్న లెక్కలు. పాటలు, సినిమాలు, విండోస్... ఇవన్నీ బజారులో దొరుకుతాయి. చివర చూసుకోవచ్చు. నకలు తీసేటప్పుడు యూపీఎస్ ఉండాలి. డిస్కుకు ఫ్యాన్ గాలి తగలాలి.

నకలు తీస్తుంటే ఒకచోట ఆగిపోతోందా? పదే పదే అదే ఫైలును లాగకండి. అలాంటప్పుడు డిస్కు మొత్తాన్ని ఉన్నదున్నట్టు ఇంకో డిస్కులోకి దింపాలి. లినక్స్‌లో నడిచే ‘డీడీ రెస్క్యూ’ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. దాని తెలివి ఏమిటంటే ముందు బాగున్న చోట్లన్నీ గబగబా చదివేస్తుంది. చెడిన చోట్లను గుర్తు పెట్టుకుని చివర్లో తీరిగ్గా వస్తుంది. మంచి రైతు కూడా ఎండిన మడిని వదిలి ముందు కాసిన మడిని కోసుకుంటాడు కదా! అయితే ఒక్క జాగ్రత్త. ఏది పాత డిస్కో, ఏది కొత్తదో తారుమారు చేశారంటే ఖాళీ డిస్కు వచ్చి మీ డిస్కు మీద కూర్చుంటుంది. చేయి తిరిగినవాళ్ల చేతే చేయించండి.

తుడిచేసిన ఫోటోలను వెతకడానికి ‘ఫోటో రెక్’, పోయిన విభాగాల కోసం ‘టెస్ట్ డిస్క్’ అనే ఉచిత ప్రోగ్రాములున్నాయి. వాటినీ అసలు డిస్కు మీద కాక, ఇలా దింపుకున్న నకలు మీదే ప్రయోగించండి. నకలు పోతే ఇంకో నకలు తీసుకోవచ్చు.

మన గడ్డకు మన జాగ్రత్తలు

మన ఎండ, మన దుమ్ము, మన కరెంటు... ఈ మూడూ డిస్కుకు పగవాళ్లే. వేసవిలో బయటే 40 డిగ్రీలు దాటితే డబ్బా లోపల ఇంకెంత ఉంటుందో ఊహించుకోండి. మామూలు డిస్కులు చాలావరకు 60 డిగ్రీల దాకా తట్టుకునేలా తయారవుతాయి. 45 దాటకుండా చూసుకుంటే ఆయుష్షు పెరుగుతుంది. ఎండాకాలం ముందొకసారి, కాయలు వలిచే రోజులు అయ్యాక ఒకసారి డబ్బాలోని దుమ్ము దులపండి. కంప్యూటర్‌ను గోడకు ఆనించకండి. టీవీ మీద కప్పినట్టు నడుస్తున్న డబ్బా మీద గుడ్డ కప్పకండి.

కరెంటు పోయిన క్షణం కన్నా వచ్చిన క్షణం ప్రమాదం. పోయి వస్తుంటే ప్లగ్గు పీకేసి, నిలకడ పడ్డాక పెట్టండి. యూపీఎస్ బ్యాటరీ ఐదు నిమిషాలు ఆగినా చాలు, మర్యాదగా మూసేయడానికి.

మరో సంగతి చాలామంది పట్టించుకోరు. అది ఎర్తింగ్. డబ్బాను తాకితే చేతికి ‘జివ్వు’మంటుందా? నేల ఎండిపోతే ఎర్తింగ్ బలహీనపడుతుంది. తడి ఉంటేనే మట్టి కరెంటును లోపలికి లాక్కుంటుంది. కరువు నేల మీద ఎర్త్ గుంత కూడా దాహంతో ఉంటుంది! ఎలక్ట్రీషియన్‌ను పిలిచి చూపించండి. ఎండాకాలంలో ఆ గుంతకు అప్పుడప్పుడూ నీళ్లు పోయమని పాతకాలం వాళ్లు ఊరికే చెప్పలేదు.

దొరగారి పాఠం

కడపలో ఉద్యోగం చేసిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ గురించి మనందరికీ తెలుసు. ఆయన చూసేనాటికి తెలుగు తాటాకులు శిథిలమవుతున్నాయి. ఆయన ఏం చేశారు? ఒకే కావ్యానికి ఊరూరా ఉన్న ప్రతులు తెప్పించారు. పండితులను కూర్చోబెట్టి, సొంత డబ్బుతో నకళ్లు రాయించారు. ఒక ప్రతిలో చెదలు తిన్న పద్యం ఇంకో ప్రతిలో దొరికేది. మన కదిరి ప్రాంతపు కటారుపల్లెలో సమాధి ఉన్న వేమన పద్యాలను 1829లో ఇంగ్లిష్ అనువాదంతో అచ్చు వేయించారు. అచ్చు అంటే ఏమిటి? ఒకేసారి వందల నకళ్లు! ఇవాళ మనం ‘బ్యాకప్’ అంటున్నది దీన్నే.

పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫోటోగ్రాఫర్ దీన్ని మూడు అంకెల్లో చెప్పారు. 3-2-1. మూడు ప్రతులుండాలి. రెండు రకాల వస్తువుల మీద ఉండాలి. ఒకటి ఇంటి బయట ఉండాలి.

ఇంటి బయట ఎందుకు? 2022 అక్టోబరులో ఏం జరిగింది? నీళ్ల కోసం ఎదురుచూసే అనంతపురంలో నడిమివంక పొంగి కాలనీలు మునిగాయి. డిస్కూ, దాని నకలూ ఒకే బీరువాలో ఉంటే రెండూ ఒకే నీళ్లలో ఉంటాయి. అందుకే ఒక నకలు అక్కయ్య ఇంట్లోనో, ఊళ్లో ఉన్న మామ ఇంట్లోనో పెట్టండి.

నకలు డిస్కును ఎప్పుడూ కంప్యూటర్‌కే తగిలించి ఉంచకండి. 2017 మేలో ‘వాన్నాక్రై’ అనే వైరస్ ప్రపంచమంతా తిరిగి, మన రాష్ట్రంలో పోలీసుల కంప్యూటర్లనూ పట్టుకుంది. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడుగుతుంది. తగిలించి ఉన్న డిస్కుకు కూడా తాళం పడుతుంది. పని అవగానే తీసేయండి.

ఫోన్లో ఉన్నాయి కదా అంటారా?

ఇప్పుడు ఇళ్లలో ఫోటోలన్నీ ఫోన్లలోనే. ఫోన్ పోతే? గూగుల్ ఫోటోస్‌లో లెక్కలేనన్ని ఉచితంగా దాచుకునే రోజులు 2021 జూన్ 1తో పోయాయి. ఇప్పుడు మెయిల్, ఫోటోలు అన్నీ కలిపి ఉచితం 15 గిగాబైట్లే. నిండిపోతే కొత్తవి వెళ్లవు. మీవి నిజంగా వెళ్తున్నాయా, ఇవాళే చూడండి. ఫోన్లో తుడిస్తే అక్కడా తుడిచిపెట్టుకుపోవచ్చు. అందుకే అదొక్కటే నమ్ముకోవద్దు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో కుదించుకుపోతుంది. అది నకలు కాదు, నీడ.

కొత్త కంప్యూటర్లలో తిరిగే డిస్కు బదులు ఎస్ఎస్‌డీ ఉంటుంది. వేగం ఎక్కువ, కింద పడినా తట్టుకుంటుంది. కానీ టక్ టక్ లేదు. ముందు చెప్పకుండానే పోవచ్చు. తుడిచేసినవి తిరిగి రావడం కూడా కష్టం. పెన్‌డ్రైవ్ మోసుకెళ్లడానికే, ఏళ్లకేళ్లు దాచడానికి కాదు. ఇంకో మాట... కొత్త విండోస్ 11 కంప్యూటర్లు చాలావాటిలో డిస్కుకు దానంతట అదే తాళం పడి ఉంటుంది. దాని పేరు ‘బిట్‌లాకర్’. 48 అంకెల తాళంచెవి ఒకటుంటుంది. అది లేకపోతే ఏ మెకానిక్కూ ఏమీ చేయలేడు. దాన్ని కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి.

షాపుకు వెళ్తే...

డిస్కు ఇచ్చే ముందు మూడు మాటలు స్పష్టంగా చెప్పండి. ఇంకా మంచిది, చీటీ మీద రాసి అతికించండి. ‘ఇందులో మా సమాచారం ఉంది. ఫార్మాట్ చేయొద్దు. ఏం చేసే ముందైనా ఫోన్ చేయండి.’ టక్ టక్ అంటున్న డిస్కు అయితే మామూలు షాపులో విప్పనివ్వకండి. దుమ్ము చొరని ప్రత్యేకమైన గది ఉన్న రికవరీ కేంద్రాలు పెద్ద నగరాల్లో ఉంటాయి. ఖర్చు వేలల్లో అవుతుంది. పరీక్షకు ఎంత, ఏమీ రాకపోతే ఎంత అని ముందే అడగండి. సినిమాల కోసమైతే ఆ ఖర్చు దండగ. అవ్వ గొంతు కోసమైతే మీరే ఆలోచించుకోండి.

ఆ రోజు షాపు నుంచి వచ్చాక నాయనకు ఎలా చెప్పాలో తెలీలేదు. రెండు రోజులు ఆగి చెప్పాను. ఆయన కోప్పడలేదు. అంతసేపూ మిద్దె మెట్ల వైపే చూస్తూ, ‘‘ఆ పన్నెండేండ్లూ వాన పడింది నిజమే కదరా. లెక్కే లేకుండా పాయె’’ అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

మర్నాడు పొద్దున ఎనిమిదిన్నరకు మళ్లీ మిద్దెక్కాడు. కొత్త నోటు పుస్తకంలో తేదీ వేసి, పక్కన ‘సున్నా’ అని రాశాడు. ఇప్పటికీ రాస్తూనే ఉన్నాడు. మారిందల్లా ఒకటే. ప్రతి ఆదివారం నేను ఫోన్ చేసి ఆ వారం అంకెలు అడిగి రాసుకుంటాను. పుస్తకం ఊళ్లో, ఫైలు నా దగ్గర, ఇంకో నకలు అన్న దగ్గర. నెలకోసారి మూడింటినీ తెరిచి, ఒకటే ఉన్నాయా అని చూసుకుంటాం. తెరిచి చూడని నకలు ఉన్నట్టా, లేనట్టా ఎవరికి తెలుసు?

ఇవాళ ఆదివారం. మీ కంప్యూటర్ బాగానే ఉంది కదా! అయితే ఈ పని చేయడానికి ఇదే మంచి రోజు. మళ్లీ దొరకనివి ఏమేమున్నాయో ఒక కాగితం మీద రాయండి. సాయంత్రంలోగా ఒక్క నకలు తీయండి. నేను ఇంకాసేపట్లో నాయనకు ఫోన్ చేయాలి. ఈ వారమైనా ‘పదునైంది’ అంటాడేమో చూడాలి.